చేపల హిసానో హెడ్‌లైట్లు తోమిన వైనం

జపాన్‌లోని తోబియురా రేవులో పడవలు చేపలు దించే వేళకు హిసానో గట్టు మీద లేదంటే, ఆమెకు జ్వరమైనా వచ్చి ఉండాలి, సముద్రం మీద తుపానైనా ఉండాలి. కాళ్లకు రబ్బరు బూట్లు, తలకు చుట్టిన తువ్వాలు, చేతిలో సగం తాగిన కాఫీ డబ్బా. వేలంలో మగవాళ్లు గొంతులు చించుకుంటుంటే ఆమె నోరు మెదపకుండా పెట్టెల మధ్య వంగి నడిచేది. నచ్చిన చేప దగ్గర ఆగి, దాని కన్ను చూసి, వేలు చూపించేది. అంతే, ఆ పెట్టె ఆమెదే.

నిజానికి పుట్టుకతో ఆమెకు చేపల వాసనే తెలియదు. పక్క జిల్లా ఎహిమేలో నారింజ తోటల వాళ్ల పిల్ల. కోచి తీరానికి కోడలిగా వచ్చిన కొత్తలో చేప పొట్ట చీల్చమంటే కళ్లు గట్టిగా మూసుకుని చీల్చేది. "అలా కళ్లు మూసుకుంటే తెగేది చేప కాదే పిల్లా, నీ వేలు" అని అత్తగారు పడీపడీ నవ్వి, పక్కన కూర్చోబెట్టుకుని ముందు కత్తి నూరడం నేర్పింది. కత్తి పట్టుకోవడం ఆ తర్వాతే. ముతకది, నడిమిది, నున్ననిది అని మూడు సానరాళ్లు. నీళ్లలో నానబెట్టి, వరస తప్పకుండా, చెయ్యి వాలు మారకుండా నూరాలి. అత్తగారు పోయి చాలా కాలమైంది. ఆ మూడు రాళ్లూ ఇంకా హిసానో వంటగదిలోనే ఉన్నాయి, మధ్యలో అరిగి పడవల్లా వంగిపోయి.

భర్త మసూమి కత్సువో చేపల పడవ మీద గాలం విసిరే మనిషి. ఊళ్లో అతనంత వేగంగా చేపను గాల్లోకి లేపేవాడు లేడని అతనే చెప్పుకునేవాడు. ఒక ఏడు పెద్ద అల వచ్చి అతన్ని ఎత్తి పడవ చెక్కల మీద కుదేసింది. నడుము పట్టేసింది. ఇక పడవ ఎక్కొద్దని డాక్టరు చెప్పిన రోజు, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. హిసానో కాసేపు చూసి, అతని వీపు మీద ఏప్రాను విసిరింది.

"లే. వంట నువ్వు చెయ్యి. బయట సంగతి నేను చూసుకుంటా."

"నాకు వంట రాదే!"

"నాకు మాత్రం చేపల వ్యాపారం వచ్చా ఏంటి? ఇద్దరం ఒకేసారి నేర్చుకుందాం."

అలా ఆమె ఒక పాత చిన్న వ్యాను కొని, వెనక ఐసు పెట్టె, చెక్క అరలు బిగించుకుంది. రేవు వెనక కొండల్లోకి పాము మెలికల్లా ఒక లోయ దారి పోతుంది. ఆ దారి పొడవునా యుజు నిమ్మ తోటల మధ్య చిన్న చిన్న పల్లెలు. వాటిలో ఉన్న ఆఖరి దుకాణం కూడా మూతపడ్డాక, అక్కడి వాళ్లకు చేప తినాలంటే హిసానో వ్యానే దిక్కయింది. వ్యాను వస్తోందని తెలియడానికి మైకులో మసూమి పాడిన జాలరి పాట పెట్టేది. పల్లవిలో ఒక శ్రుతి, చరణంలో ఇంకొక శ్రుతి. పాట మార్చమని పల్లెలన్నీ మొత్తుకున్నా మార్చలేదు. "ఈ గొంతు విన్నవాళ్లు ఎలాగోలా ఆపించడానికైనా బయటికొస్తారు. అప్పుడు నాలుగు చేపలు కొంటారు" అనేది.

అమ్మేటప్పుడు ఆమె నోట ఒకటే మాట. "కన్ను చూడండి! కన్ను మసకబారిన చేప నా బండిలో ఉంటే ఊరికే ఇచ్చేస్తా!"

ఆ మాటకే ఒకనాడు దొరికిపోయింది.

లోయ కొసన కజమోరి అనే పల్లె ఉంది. అక్కడ ఒరియె పెద్దమ్మ అని డెబ్భై దాటిన ఆవిడ ఒంటరిగా యుజు తోట చూసుకుంటుంది. నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఆ సాయంత్రం మాకరెల్ చేప ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, తర్వాత వ్యాను ముందుకు వెళ్లి నిలబడి అంది.

"అమ్మాయ్, చేప కళ్లు బాగానే ఉన్నాయి గానీ, నీ బండి కళ్లు చూశావా? వారం కింద చచ్చిన చేప కళ్లలా ఉన్నాయి. మాట ప్రకారం బండి ఊరికే ఇచ్చెయ్!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. హిసానో కూడా నవ్వింది గానీ, వంగి చూస్తే నిజమే. హెడ్‌లైట్ల ప్లాస్టిక్ అద్దాలు పసుపెక్కి, పైన పాలమీగడ కట్టినట్టున్నాయి. ఏళ్ల తరబడి సముద్రపు ఉప్పుగాలి, పగలంతా రేవులో ఎండ. ఆ రోజు కొండ దిగుతుంటే మొదటిసారి గమనించింది, వెలుతురు రోడ్డు మీద పడడం లేదు, లైట్ల ముందే మూలుగుతూ కూర్చుంటోంది. ఇన్నాళ్లూ వెలుతురుతో పని లేకుండా, దారి కంఠతా వచ్చు కాబట్టి దిగుతోందన్నమాట.

ఆ నెలలోనే వ్యానుకు ఫిట్‌నెస్ పరీక్ష. ఎప్పుడూ బండి చూసే మెకానిక్కు తోగానో లైట్లను యంత్రం ముందు పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, పాసవదు. ఇదివరకు పెద్ద లైటు వేసి గట్టెక్కించేవాళ్లం. ఇప్పుడు డిమ్ లైటే కొలవాలంటున్నారు. నీ డిమ్ లైటు కంటే మా ఇంట్లో దేవుడి దీపం నయం."

"కొత్తవి వెయ్యి మరి."

"ఈ మోడలుకి లైట్లు చెయ్యడం ఆపేశారు. పాత సామాన్ల దగ్గర వెతికినా ఇంతకంటే పసుపువే దొరుకుతాయి. బండి మార్చెయ్ అక్కా, ఇంకా తిరుగుతున్నప్పుడే సాగనంపాలి."

ఆ మాట హిసానోకు నచ్చలేదు. ఆ అరలు తన చేతి ఎత్తుకు తగ్గట్టు తానే కొలిచి చేయించుకున్నవి. ఐసు పెట్టె మూత ఏ మూల తట్టితే మూసుకుంటుందో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. "గడువు లోపల తీసుకొస్తా. నువ్వు యంత్రం తుడిచి పెట్టుకో" అని వ్యాను తోలుకుని వచ్చేసింది.

సంగతి విన్న మసూమికి ఎక్కడలేని హుషారు వచ్చింది. నడుము పోయాక అతని సలహా ఎవరూ అడగడం లేదు. అందుకని అడక్కుండానే ఇవ్వడం అలవాటు చేసుకున్నాడు.

"ఇదెంత పని! పళ్లు తోముకునే పేస్టు రాస్తే సరి."

రాశాడు. పుదీనా వాసన వచ్చింది. అద్దం కాస్త తేటపడినట్టు అనిపించి, ఆరాక మళ్లీ మామూలే. మర్నాడు రేవులో ఎవరో చెప్పారని దోమల స్ప్రే తెచ్చి, గుడ్డ తడిపి రుద్దాడు. ఇది మాత్రం మంత్రం వేసినట్టు పనిచేసింది. పసుపు అంతా గుడ్డకు వచ్చేసి, అద్దాలు తళతళలాడాయి. మసూమి వీధి వీధంతా పిలిచి చూపించాడు. హిసానో కూడా "పర్లేదే, బుర్ర ఉంది నీకు" అంది.

రెండు రోజుల్లో అద్దాలు జిగురెక్కాయి. దారిలో దుమ్మంతా వాటి మీదే అంటుకుని మునుపటికంటే మసకగా తయారయ్యాయి. అంతటితో ఆగితే బాగుండేది. కారిన స్ప్రే బంపరు మీద పడి, రంగు మెత్తబడి, కన్నీటి చారల్లా మరకలు కట్టింది.

కజమోరిలో ఒరియె పెద్దమ్మ చూసి అడగనే అడిగింది. "ఏమ్మా, నేను తిట్టానని ఏడ్చిందా బండి?"

ఆ ఆదివారం హిసానో మార్కెట్లో పెయింటు సామాన్ల కొట్టుకు వెళ్లింది. కొట్టాయన ఆమె ముందు వాటర్ పేపర్లనే గరుకు కాగితాలు మూడు రకాలు, పాలిష్ ముద్ద డబ్బా, పైన వేసే పూత డబ్బా పెట్టాడు. ముందు ముతక కాగితం, తర్వాత నడిమిది, తర్వాత నున్ననిది, ఎప్పుడూ నీళ్లు పోస్తూ రుద్దాలి, ఒకటి చేసిన గీతలు ఇంకొకటి చెరపాలి అని ఆయన చెబుతుంటే హిసానో ఫక్కున నవ్వేసింది.

"ఎందుకు నవ్వుతున్నారు?" అన్నాడాయన నొచ్చుకుని.

"ఏం లేదండీ. మా అత్తగారు గుర్తొచ్చారు."

ఇంటి ముందు వ్యాను నిలిపి, లైట్ల చుట్టూ బండి రంగుకు తగలకుండా టేపు అంటించింది. బకెట్టుతో నీళ్లు పెట్టుకుని ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మసూమి ఇంకో పీట తెచ్చి రెండో లైటు ముందు కూర్చున్నాడు.

"కుడిది నాది, ఎడమది నీది. ఎవరిది ముందు మెరుస్తుందో చూద్దాం" అంది హిసానో.

"ఓడినవాళ్లు?"

"ఏడాది చివరిదాకా గిన్నెలు తోమాలి."

"ఇప్పుడు తోముతున్నదీ నేనే కదే!"

"అయితే నీకు పోయేదేముంది, మొదలుపెట్టు."

హిసానో ముతక కాగితాన్ని తడిపి అడ్డంగా రుద్దింది. మొదట పసుపు నీళ్లు కారాయి, చిక్కగా, గంజిలో పసుపు కలిపినట్టు. కారే నీళ్లలో పసుపు పోయి తెల్లదనం వచ్చేదాకా ఆపలేదు. అప్పుడు తుడిచి చూసుకుంది. అద్దం స్నానాల గది కిటికీలా తెల్లగా, గుడ్డిగా అయిపోయింది. ఉన్న కాస్త వెలుతురూ చంపేశానా అనుకుంటూ దోసిలితో నీళ్లు చల్లింది. తడి ఉన్నంతసేపూ లోపలి బల్బు స్పష్టంగా కనబడింది. ఆరగానే మళ్లీ తెల్లబడింది. ముతక రాయి మీద నుంచి తీసిన కత్తి కూడా ఇలాగే ఉంటుంది గదా అనుకుని, ఊపిరి పీల్చుకుని, నడిమి కాగితం తీసుకుని ఈసారి నిలువుగా రుద్దడం మొదలుపెట్టింది.

ఈలోగా వీధిలోవాళ్లు చేరిపోయారు. ఆదివారం, ఎండ వెచ్చగా ఉంది, చేతుల్లో బీరు డబ్బాలున్నాయి, ఎదురుగా మొగుడూ పెళ్లాల పోటీ. ఇంతకంటే వినోదం ఏముంటుంది? సగం మంది మసూమి వైపు, సగం మంది హిసానో వైపు చేరి అరుస్తున్నారు. వలలు బాగుచేసే పక్కింటాయన ఎటూ చేరక ఇద్దరి తప్పులూ ఎంచుతున్నాడు.

మసూమికి ఓపిక తక్కువ. ముతకది అయీ అవకుండానే నడిమిది దాటేసి నున్ననిది అందుకున్నాడు. అందరికంటే ముందు పాలిష్ ముద్ద రాసి, "అయిపోయింది!" అని చేతులెత్తాడు. దూరం నుంచి బాగానే ఉంది. హిసానో లేచి వచ్చి, వంగి, ఎండకు ఎదురుగా చూసింది.

"దీని మీద పిల్లులు కొట్టుకున్నాయా?"

నిజంగానే లోతైన గీతలు అడ్డదిడ్డంగా మెరుస్తున్నాయి. వీధంతా నవ్వింది. మసూమి చెవులు ఎర్రబడ్డాయి. హిసానో మాత్రం తన తడి చేతిని అతని చేతి మీద పెట్టి, కాగితాన్ని మూడు వేళ్ల కింద ఎలా పరచాలో, ఎంత ఒత్తాలో చూపించింది. "చేప గాలానికి తగిలిందో లేదో వేలికి తెలిసేది కదా నీకు. అలాగే వేలితో విను. గరగరమంటే గీతలున్నట్టు, చప్పుడు సన్నబడితే పోయినట్టు."

మసూమి కళ్లు మూసుకుని రుద్దాడు. మళ్లీ ముతక నుంచి మొదలుపెట్టి, వరస తప్పకుండా, నడుము నొప్పి పుట్టినప్పుడల్లా లేచి ఒళ్లు విరుచుకుని మళ్లీ కూర్చుని చేశాడు. పొద్దు వాలేసరికి అతని అద్దమూ ఆమె అద్దమూ ఒకదానికొకటి తీసిపోకుండా నీళ్లలా తేటగా నిలిచాయి.

ఇక మిగిలింది పైపూత. అది వెయ్యకపోతే ఎండకు మళ్లీ నెలల్లో పసుపెక్కుతుందని కొట్టాయన గట్టిగా చెప్పాడు. హిసానో ఊపిరి బిగబట్టి, మెత్తని గుడ్డతో ఒకే వైపుకు, ఒకే ఊపులో పూత లాగింది. ఆరేదాకా ఎవరూ దగ్గరకు రావద్దని హెచ్చరించి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి పెరటి వైపు నుంచి గుప్పున పొగ. పని అయిపోయిందన్న సంబరంలో మసూమి గడ్డి మంట వేసి కత్సువో చేపను కాలుస్తున్నాడు. గాలి సరిగ్గా వ్యాను వైపే వీస్తోంది. నల్లటి గడ్డి మసి పేలికలు తేలి తేలి వచ్చి, తడి పూత మీద ఎంతో నెమ్మదిగా వాలుతున్నాయి.

హిసానో కేక రేవుదాకా వినబడి ఉంటుంది. "ఏమయ్యా! నీకు బుద్ధుందా? నా లైట్లకు నువ్వులు చల్లుతున్నావా?"

మంట మీద చేపను పట్టుకుని కదలలేక నిలబడ్డ మసూమి బతిమాలాడు. "ఒక్క నిమిషం ఆగి తిట్టవే, చేప మాడిపోతుంది!"

ఆమె నోరు తెరిచింది, తిట్టడానికే. కానీ అతని ముఖాన మసి, చేతిలో పొగలు కక్కే చేప, ఆ చూపులోని భయం చూసి నవ్వు ఆగలేదు. గడప మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ నవ్వు కోసమే కాచుకున్నట్టు తామూ అందుకున్నారు. వెల్లుల్లి, ఉప్పు వేసుకుని కత్సువో ముక్కలు తిన్నారు, బియ్యపు సారా సాకే తాగారు. చేప మాత్రం అద్భుతంగా కాలిందని హిసానో కూడా ఒప్పుకుంది.

మర్నాడు సరుకు అమ్మి వచ్చాక మసి పట్టిన పూతను నున్న కాగితంతో తీసేసి, తలుపులేసిన వలల షెడ్డులో మళ్లీ పూత వేసింది. బయట మసూమి కాపలా. సిగరెట్టు వెలిగించబోయిన పక్కింటాయన్ని కూడా వీధి చివరిదాకా తరిమాడు.

తోగానో యంత్రం ముందు ఈసారి ముల్లు లేచి పైన నిలిచింది. అతను యంత్రం చూశాడు, లైట్లు చూశాడు, మళ్లీ యంత్రం చూశాడు.

"అక్కా, ఎక్కడ దొరికాయి ఈ కొత్తవి?"

"పాతవే. మా ఇంటి ముందు దొరికాయి" అంది హిసానో, బంపరు మీది మరకలు కనబడకుండా వాటి ముందు నిలబడి.

ఆ వారం కజమోరి చేరేసరికి యుజు తోటల మీద సంధ్య దిగుతోంది. ఒరియె పెద్దమ్మ బుట్ట పట్టుకుని వచ్చి, కొత్త వెలుతురులో నిలబడి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఓహో! బండికి కంటి ఆపరేషన్ అయిందే!" అని నవ్వింది. తర్వాత చేప ఎంచుకోకుండా అలాగే నిలబడిపోయి, ఎప్పుడూ లేనంత మెల్లగా అంది. "నా కళ్లక్కూడా ఇలాంటిది చేసేవాళ్లుంటే బాగుండునే."

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏముంది, ముసలితనం. కిందటి చలికాలం నుంచి సాయంత్రమైతే దారి అంచు కనబడదు. లోయ కింది హాలులో డోలు సాధనకు పోవడం మానేశా. నలభై ఏళ్లు కొట్టా ఆ డోలు. ఇప్పుడు తోటలో కూర్చుని వింటా, గాలి ఇటు వీస్తే."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించా. నీ వయసుకి బాగానే ఉన్నాయన్నాడు. జాలిపడి అన్నాడులే."

హిసానోకు ఏదో తట్టింది. "పెద్దమ్మా, నీ ట్రక్కు ఎక్కడ?"

తోట పక్క రేకుల కప్పు కింద ఒరియె చిన్న ట్రక్కు ఉంది. హిసానో దాని ముందు వంగి చూసి, నెత్తి కొట్టుకుంది. తన వ్యాను లైట్లు పసుపైతే, ఇవి ముదిరిన బెల్లం రంగు. ట్రక్కును వ్యాను పక్కనే ఎదురు రాతి గోడ వైపు నిలబెట్టించి, రెండింటి లైట్లూ వేయించింది.

"ఇటు చూడు. ఇప్పుడు అటు చూడు."

వ్యాను ముందు గోడ మీద ప్రతి రాయీ, రాళ్ల మధ్య నాచూ, దాని మీద పాకే సాలీడూ కనబడుతున్నాయి. ట్రక్కు ముందు గోడ ఉన్నట్టు మాత్రమే తెలుస్తోంది. ఒరియె ఇటు చూసింది, అటు చూసింది, మళ్లీ ఇటు చూసింది.

"అంటే... నా కళ్లు కావా?"

"నీ కళ్లు కావు. సాలీడు కాళ్లు కూడా కనబడుతున్నాయి కదా నీకు!"

"మరి ఏడాది నుంచీ కళ్లలో మంట పుట్టించే చుక్కల మందు వేసుకుంటున్నానే!" అని ఒరియె అరిచి, కోపమో సంతోషమో తెలియక ట్రక్కు టైరును ఒక తన్ను తన్నింది. తర్వాత ఏప్రాను కొసతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు అటు తిరిగి నిలబడింది. హిసానో ఆమెను చూడనట్టు ఐసు సర్దుకుంది.

తర్వాతి ఆదివారం హిసానో, మసూమి ఇద్దరూ కాగితాలు, బకెట్టు పట్టుకుని కొండెక్కారు. ఒరియె వాళ్లను ముట్టుకోనివ్వలేదు. "నా ట్రక్కు, నేనే రుద్దుతా, మీరు చెప్పండి" అని పీటేసుకుంది. డోలు కొట్టిన చేతులు, లయ తప్పవు. మసూమి పక్కన గొంతుక్కూర్చుని, "వరస దాటకూడదు పెద్దమ్మా, కొంతమంది తొందరపడి పాడు చేసుకుంటారు" అని ఎంతో పెద్దరికంగా చెబుతుంటే, హిసానో నవ్వు బిగబట్టి యుజు కాయలు తెంపుతూ దూరంగా వెళ్లిపోయింది. పూత ఆరేదాకా మంట వేయకుండా చల్లటి అన్నం ముద్దలే తిన్నారు.

సాధన ఉన్న సాయంత్రం వచ్చింది. ఏడాది తర్వాత మొదటిసారి చీకటి దారి కాబట్టి మసూమిని పక్కన కూర్చోబెట్టుకోమని హిసానో పట్టుబట్టింది. తను వెనక వ్యానులో బయల్దేరింది. బయల్దేరిందే గానీ, రెండో మలుపు దగ్గరే ట్రక్కు వెనక దీపాలు కనబడకుండా పోయాయి. హాలు ముందు ఆగేసరికి మసూమి తలుపు పట్టుకుని కిందికి దిగుతున్నాడు, ముఖం పాలిపోయి.

"నా నడుము సముద్రం సగమే విరిచింది. మిగతా సగం ఈవిడ విరిచేది!"

"దారి కనబడుతుంటే మెల్లగా పోవడం దేనికి?" అని ఒరియె చేతులు దులుపుకుంటూ లోపలికి నడిచింది.

లోపల కుర్రాళ్లూ పెద్దాళ్లూ ఒక్కసారిగా లేచి చోటిచ్చారు. ఆమె పెద్ద డోలు ముందు నిలబడి, కర్రలు చేతిలో బరువు చూసుకుని, మొదటి దెబ్బ వేసింది. రెండోది, మూడోది. నాలుగోది తప్పింది. వేణువు పట్టుకుని సాధన చేయించే మనిషి ముఖం చిట్లించి, "ఒరియె గారూ, ఏడాది విశ్రాంతి బాగా పనిచేసిందే!" అన్నాడు.

"నోరు మూసుకుని వేణువు ఊదు" అంది ఒరియె, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని హిసానో, మసూమి నిలబడ్డారు. డోలు దెబ్బ చెక్క నేల మీదుగా అరికాళ్లకు తాకుతోంది. మసూమి తల ఊపుతూ, కాసేపటికి తన శ్రుతిలో తాను సన్నగా పాడడం మొదలుపెట్టాడు. హిసానో మోచేత్తో పొడిచింది. అయినా ఆపలేదు.